నాడు ప్రోనోటు, నేడు ఫోను

సంక్రాంతి వెళ్ళాక కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లోకి పోయి చూడండి. వాడల్లో చాలా ఇళ్ళకు తాళాలే. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు కూలీలు పిల్లాజెల్లాతో సహా గుంటూరు ప్రాంతానికి మిరప కోతలకు వలసపోయి ఉంటారు. ఊళ్ళో మిగిలేది ముసలి ప్రాణాలు. వాళ్ళ దగ్గర ఒక రేషను కార్డు, ఒక బ్యాంకు పుస్తకం, కొడుకో కూతురో కొనిచ్చి పోయిన ఒక ఫోను. దొంగల కన్ను ఇప్పుడు ఆ ఫోను మీద పడింది.

పేదల దగ్గర దోచుకోవడానికి ఏముంది అని పట్నపు బాబులకు అనిపించవచ్చు. ఉపాధి పని కూలి, ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్ళకు ఏడాదికి మూడు విడతల్లో వచ్చే కిసాన్ సొమ్ము 6,000 రూపాయలు, కోతల నుంచి కొడుకు పంపిన నాలుగు రూకలు అన్నీ చేరేది బ్యాంకు ఖాతాకే. వంద మంది పేదల్ని దోస్తే ఒక షావుకారును దోచినట్టే. పైగా షావుకారు వకీలును పెడతాడు, పేదవాడు తలరాత అనుకుని ఊరుకుంటాడు.

ఫోను వచ్చే తీరు చూడండి. "అవ్వా, సచివాలయం నుంచి మాట్లాడుతుండా. నీ పింఛను పేరు కొట్టేసినారు. మళ్ళా ఎక్కియ్యాలంటే నీ ఫోనుకొచ్చిన నంబరు చెప్పల్ల." అవ్వ చెప్పేస్తుంది. ఎందుకు చెప్పదు? 2025లో వికలాంగుల పింఛన్ల తనిఖీ అంటూ నోటీసులిచ్చి, కాళ్ళు లేనివాళ్ళను కూడా ఆసుపత్రుల చుట్టూ తిప్పింది ప్రభుత్వమే. పేరు పోతుందన్న భయం ముందే గుండెల్లో ఉంది. దొంగ కొత్త భయం పుట్టించలేదు, ఉన్న భయానికి ఫోను చేశాడంతే. అవ్వ తెలివితక్కువది అనేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి.

వాట్సాప్‌లో కిసాన్ పథకం పేరుతో ఒక ఫైలు వస్తుంది. అది నొక్కి ఎక్కించుకుంటే ఫోను దొంగ చేతిలోకి పోయినట్టే. వచ్చే మెసేజీలు వాడే చదువుకుంటాడు, అవ్వను ఓటీపీ అడగాల్సిన పని కూడా ఉండదు. ఇక పోలీసు టోపీ పెట్టుకుని వీడియోలో కనబడి "నిన్ను ఫోనులోనే అరెస్టు చేశాం" అనేవాళ్ళున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. అంతకంటే దాని గురించి చెప్పనక్కర్లేదు.

ఎక్కువగా చెప్పాల్సింది వేలిముద్ర గురించి. వెనుకటి రోజుల్లో వడ్డీ వ్యాపారి ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకుని, తర్వాత తనకు తోచిన అంకె రాసుకునేవాడు. ఇప్పుడు కాగితం పోయింది, మిషను వచ్చింది. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయవచ్చు. కార్డు అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, ప్రభుత్వ వెబ్‌సైటులోని భూముల రిజిస్ట్రేషను కాగితాల నుంచి వేలిముద్రలు దించుకుని, రబ్బరు ముద్రలు చేయించి, వేల సిమ్ములు నడిపిన కేసు బయటపడింది. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను కాగితాలతో ఇలాగే చేసి ఖాతాల్లోంచి డబ్బులు తీసింది. కాగితాల్ని అందరికీ కనబడేలా పెట్టింది ఎవరు? ముసలివాళ్ళకు జాగ్రత్తలు బోధించే పెద్దలు దీనికి కూడా జవాబు చెప్పాలి.

దగ్గరి మోసం ఇంకొకటి. "సర్వరు అందలేదు, ఇంకోసారి వెయ్యి పెద్దమ్మా" అంటాడు మిషనువాడు. రెండోసారి వేస్తే రెండుసార్లు డబ్బు దిగుతుంది, చేతికి ఒక్కసారిదే ఇస్తాడు. నాట్లు వేసి, మిరప కోసి అరిగిపోయిన వేళ్ళకు నిజంగానే ముద్ర పడదు. అందుకే ఏది నిజమో, ఏది దొంగతనమో వాళ్ళకు తెలియదు. అందరు మిషనువాళ్ళూ దొంగలని మేము అనడం లేదు. కానీ వేలు పెట్టిన ప్రతిసారీ చీటీ అడగాలి. ఇవ్వనంటే అక్కడ వేలు పెట్టకూడదు.

వేలిముద్రకు ఆధార్ యాప్‌లో తాళం వేసుకోవచ్చంటున్నారు. నిజమే. కానీ తాళం వేస్తే రేషను డీలరు మిషనులో కూడా ముద్ర పడదు, ప్రతిసారీ తీయాలి. ఆధార్‌కు కలిపిన ఫోను కొడుకుతో గుంటూరులో ఉంటే ఊళ్ళో అవ్వకు బియ్యం లేవు. కాబట్టి ఆధార్‌తో డబ్బు తీసే సౌకర్యం నా ఖాతాకు వద్దని బ్యాంకులో అర్జీ ఇచ్చుకోవడం మేలు. కొడుకు పంపే డబ్బు నిలవ ఉండేది ఆ ఖాతాలోనే.

వలసపోయే బిడ్డలకు ఒక మాట. పోయేముందు అవ్వాతాతలకు బటన్ల ఫోను ఇచ్చిపోండి. పెద్ద ఫోనే ఉంచితే అందులో బ్యాంకు యాప్ పెట్టకండి. డబ్బు పోయిందని తెలిసినప్పుడు అరవకండి. కోడలు తిడుతుందని పది రోజులు కడుపులో దాచుకున్న తాతలను మేము చూశాం. ఆ పది రోజులే దొంగకు కావలసింది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు గంటల్లో మారిపోతుంది. వెంటనే 1930కి ఫోను చేస్తే దారిలోనే ఆపే వీలుంటుంది.

తర్వాత బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం, ముద్ర తీసుకోవాలి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో, తప్పు ఖాతాదారుదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం ఖాతాదారు మీద పడదని ఉంది. ఖాతాదారుదే తప్పని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదేనని ఉంది. ఓటీపీ తానే చెప్పేసినా, ఫిర్యాదు చేశాక పోయిన సొమ్ము బ్యాంకే భరించాలి. ఈ సంగతి కౌంటరు దగ్గర ఎవరూ చెప్పరు. "నువ్వే వేలు పెట్టినావు కదా" అని పంపించేస్తారు. పోలీసు స్టేషనులో "మా పరిధి కాదు" అంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం 173వ సెక్షను ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని చెప్పండి. ఒక్కరు వెళితే వినరు, నలుగురు కలిసి వెళ్ళండి.

ఈసారి కోతలకు జనం కదలకముందే ప్రతి వాడలో రచ్చకట్ట ఎదుటి గోడ మీద 1930 అంకెలు పెద్దవిగా రాయిస్తున్నాం. అక్షరాలు రాని మా అవ్వలకు అంకెలు వచ్చు. కూలి లెక్కలు వాళ్ళు చూసుకునేది ఆ అంకెలతోనే.