ఈల మోగిన తరువాత

హాకీ మైదానం పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. ఇరవై ఇద్దరు ఆటగాళ్ళు శరవేగంతో సంచరించే ఆ విశాల రంగంలో న్యాయనిర్ణేతలు ఇద్దరే. బంతి తగిలింది కర్రకా, కాలికా అన్నది వారు రెప్పపాటులో తేల్చాలి. అటువంటి తీర్పులలో కొన్ని పొరపాటు కావడం అనివార్యం. ఆ పొరపాటును ఆటగాడు ఎలా స్వీకరిస్తాడన్నదే క్రీడా సంస్కారానికి గీటురాయి.

ఢిల్లీలో 1964లో ఆరంభమైన నెహ్రూ హాకీ టోర్నమెంటుకు ఘనమైన చరిత్ర ఉంది. 2019 నవంబరు 25న నేషనల్ స్టేడియంలో జరిగిన ఫైనల్ ఆ చరిత్రకు మచ్చ తెచ్చింది. పంజాబ్ పోలీసు, పంజాబ్ నేషనల్ బ్యాంకు జట్లు 3-3తో సమానంగా ఉన్న తరుణంలో ఆటగాళ్ళు ఒకరిపై ఒకరు కలియబడ్డారు. పిడికిళ్ళతోపాటు కర్రలు కూడా లేచాయి. అంపైర్లు ఎర్రకార్డులు చూపి కొందరిని బయటకు పంపిన తరువాతనే ఆట తిరిగి సాగింది. బ్యాంకు జట్టు 6-3తో నెగ్గింది. కాని లోకానికి గుర్తున్నది ఆ గెలుపు కాదు, ఆ కొట్లాట.

హాకీలో ఆకుపచ్చ కార్డుకు రెండు నిమిషాలు, పసుపు కార్డుకు కనీసం అయిదు నిమిషాలు ఆటకు దూరం కావాలి. ఎర్రకార్డు పడితే ఆ ఆటలో మళ్ళీ అడుగుపెట్టరాదు. అమెరికా కళాశాలల మంచుహాకీలో నియమం ఇంకా కఠినం: ముష్టియుద్ధానికి దిగినవాడు మరుసటి పోటీకి కూడా అనర్హుడు. అయితే శిక్ష ఆటగాణ్ణి బయటకు పంపగలదే గాని, అతనిలోని ఆగ్రహాన్ని అణచలేదు. ఆ పని అతడే చేసుకోవాలి.

అది సాధ్యమని మన మహిళలు నిరూపించారు. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల సెమీఫైనల్‌లో భారత్, ఆస్ట్రేలియా 1-1తో నిలిచాయి. షూటౌట్‌లో ఆస్ట్రేలియా తొలి ప్రయత్నాన్ని గోల్‌కీపర్ సవితా పూనియా అడ్డుకున్నారు. ఎనిమిది సెకన్లను లెక్కించే గడియారం మొదలు కాలేదంటూ అధికారులు ఆ ప్రయత్నాన్ని మళ్ళీ చేయించారు. ఈసారి గోల్ పడింది. భారత్ 3-0తో ఓడింది. అంతర్జాతీయ సమాఖ్య అనంతరం క్షమాపణ చెప్పినా ఫలితం మారలేదు. ఆగస్టు 7న అదే జట్టు న్యూజీలాండ్‌ను షూటౌట్‌లో 2-1తో ఓడించి కాంస్యం గెలుచుకుంది. అన్యాయానికి వారు ఆటతోనే సమాధానం చెప్పారు.

అంతకన్న అరుదైన ఔన్నత్యం 1980 ఫిబ్రవరిలో బొంబాయి టెస్టులో కనిపించింది. ఇంగ్లండు ఆటగాడు బాబ్ టేలర్‌ను అంపైర్ అవుట్‌గా ప్రకటించగా, బంతి బ్యాటుకు తగలలేదని గ్రహించిన భారత కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ ఆయనను వెనక్కు పిలిచారు. టేలర్, బోథం కలిసి 171 పరుగులు జోడించారు. భారత్ పది వికెట్లతో ఓడింది. ఓటమితో ముగిసిన ఆ ఆటలో విశ్వనాథ్ పేరు మాత్రం చిరస్మరణీయమైంది.

నేడు పెద్ద పోటీలలో తీర్పులను సరిదిద్దడానికి కెమెరాలు ఉన్నాయి. మన కళాశాలల మైదానాలలో ఆ సదుపాయం దాదాపు లేదు. అక్కడ ఉన్నవి అంపైర్ ఈల, ఆటగాడి అంతరాత్మ. మొదటిది పొరబడినప్పుడు రెండవది నిలబడాలి.