మేస్త్రీ లేని గోడ: పెప్టైడ్లు కణంలోకి మందును ఎలా మోస్తాయి?

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. షుగర్ ఉన్న మన పెద్దవాళ్ళలో చాలామంది ఇన్సులిన్‌ని సూదితో ఎందుకు వేసుకుంటారు? మాత్రగా మింగొచ్చు కదా? మింగితే పనిచేయదు. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలతో తయారైన చిన్న ప్రొటీన్. కడుపులోకి పోతే పప్పులో ప్రొటీన్ అరిగినట్టే అదీ అరిగిపోతుంది.

అంటే మందు కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని చేరాల్సిన చోటికి చేర్చడం ఇంకో ఎత్తు.

ఇన్సులిన్ కణం బయట తలుపు తడితే చాలు. కానీ ఆర్‌ఎన్‌ఏ లాంటి కొత్త తరం మందులు కణం లోపలికి పోవాల్సిందే. అక్కడే చిక్కు. మన గండికోట చూసినారు కదా? ఒక పక్క పెన్నా లోయ, మిగతా పక్కల ఎత్తైన గోడ. కణం కూడా అట్లాంటి కోటే. దాని పొర మధ్యభాగం నూనె లాంటిది. ఆర్‌ఎన్‌ఏ పెద్దది, పైగా దానికి నెగెటివ్ ఛార్జ్ ఉంటుంది. నూనె పొరను దాటలేదు. రక్తంలో ఒంటరిగా వదిలితే ఎంజైమ్‌లు దాన్ని ముక్కలు చేసేస్తాయి.

ఇప్పుడు పెప్టైడ్ దగ్గరికి వద్దాం. అమైనో ఆమ్లాల పొట్టి గొలుసునే పెప్టైడ్ అంటారు. 1988లో అమెరికాలో శాస్త్రవేత్తలు ఒక వింత గమనించారు. హెచ్‌ఐవీ వైరస్‌లోని టాట్ అనే ప్రొటీన్ తనంతట తానే కణాల్లోకి దూరిపోతోంది. అందులో ఒక చిన్న ముక్క ఉన్నా చాలని తర్వాత తెలిసింది. ఆ ముక్కలో ఆర్జినిన్, లైసిన్ ఎక్కువ. వీటికి పాజిటివ్ ఛార్జ్ ఉంటుంది.

ఇక రెండో గుణం. కొన్ని పెప్టైడ్లలో ఒక వైపు నీళ్ళంటే ఇష్టం, ఇంకో వైపు నీళ్ళంటే పడదు. నీళ్ళలో వేస్తే, పడని వైపులన్నీ లోపలికి దాక్కుంటాయి. పులుసు మీద నూనె చుక్కలు ఒక్కచోటికి చేరతాయి చూడండి, అదే తంతు. ఎవరూ పేర్చకుండానే దారాలు, గొట్టాలు, బంతులు తయారవుతాయి. మేస్త్రీ లేకుండా కడప బండలు వాటంతట అవే గోడ కట్టుకున్నట్టు! 2003లో ఇజ్రాయెల్‌కి చెందిన ఎహుద్ గజిత్ బృందం కేవలం రెండు అమైనో ఆమ్లాల పెప్టైడ్ కూడా నానోగొట్టాలు కట్టగలదని చూపించింది.

ఈ రెండు గుణాలూ కలిస్తే? పాజిటివ్ పెప్టైడ్, నెగెటివ్ ఆర్‌ఎన్‌ఏ ఒకదానికొకటి అతుక్కుని, సుమారు 100 నానోమీటర్ల మూట అవుతుంది. మన తలవెంట్రుక మందంలో అట్లాంటివి వందలకొద్దీ పక్కపక్కన పడతాయి. కణం ఆ మూటను ఒక సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఆ సంచిలో ఆమ్లత్వం పెరుగుతూ పోతుంది. బయటపడకపోతే మందు అక్కడే అరిగిపోతుంది. అందుకే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని కలుపుతారు. ఆమ్లంలో దానికి పాజిటివ్ ఛార్జ్ వస్తుంది, సంచి చిరగడానికి సాయపడుతుంది. అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే.

మన దగ్గర పని జరుగుతోందా? జరుగుతోంది. హైదరాబాద్ సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ ఏళ్ళ తరబడి పెప్టైడ్లు కణపొరతో ఎట్లా నడుచుకుంటాయో పరిశోధించారు. 2022లో అదే సీసీఎంబీ ప్రాంగణం నుంచి దేశీయ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా టెక్నాలజీ ప్రకటన వచ్చింది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలను మోసేవి ఎక్కువగా కొవ్వు బంతులు. ఫైజర్ కోవిడ్ టీకాను మొదట్లో మైనస్ 70 డిగ్రీల దగ్గర దాచాల్సి వచ్చింది. మే నెలలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప పల్లెలకు అది ఎట్లా చేరాలి? పెప్టైడ్లను పొడిగా ఆరబెట్టొచ్చు. మందుతో కలిపిన మూట కూడా అట్లా పొడిగా నిలబడితే, ఆదోని, బద్వేలు లాంటి చోట్లకు పంపడం సులువవుతుంది. ఈ రంగం మనకు ముఖ్యం అనేది అందుకే.

ఎంత దూరం వచ్చింది మరి? తనంతట తాను జెల్‌గా మారే పెప్టైడ్‌ను ఆపరేషన్లలో రక్తం ఆపడానికి ఇప్పటికే వాడుతున్నారు. కానీ కణంలోకి ఆర్‌ఎన్‌ఏని మోసే పని ఎక్కువగా ల్యాబ్‌లో, ఎలుకల్లోనే ఉంది. ఛార్జ్ ఎక్కువైతే మంచి కణాలే పగిలిపోతాయి. మూట చేరాల్సిన అవయవానికి కాకుండా వేరేచోటికి పోవచ్చు.

చివరగా ఒక ముఖ్యమైన మాట. రీల్స్‌లో కండల కోసం, గాయాల కోసం అంటూ పెప్టైడ్ సీసాలు అమ్ముతుంటారు. ఉదాహరణకు బీపీసీ-157. దీనికి అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం లేదు, క్రీడాకారులకైతే 2022 నుంచి నిషేధం. ఇన్సులిన్ కూడా పెప్టైడ్ కుటుంబానిదే, కానీ దాని వెనక వందేళ్ళ పరీక్ష ఉంది. కాబట్టి పేరు చూసి నమ్మకండి. ఎవరు ఆమోదించారు, మనుషుల మీద పరీక్ష జరిగిందా, డాక్టర్ రాసిచ్చారా? ఈ మూడూ అడగండి. ఒక్కదానికి జవాబు లేకపోయినా సూది ముట్టుకోవద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.