ఉప్పునీట ఊరిన పందితొడ: స్వీడను దేశపు క్రిస్మసు విందు

డిసెంబరు 24వ తేదీ సాయంకాలమున స్వీడను దేశమందలి అనేక గృహములలో విందుబల్ల నడుమ నొక పెద్ద మాంసఖండము దర్శన మిచ్చును. దానిపై బంగారువన్నె గల పెచ్చు. కోసిచూచిన లోపల లేత గులాబిరంగు. ఇది పంది వెనుకతొడ. దీనిని కొన్ని దినములు ఉప్పునీటిలో ఊరవేసి, పిదప సన్నని సెగను కాల్చి, ఆవముద్ద పూసి, మరల వేడిపెట్టుదురు. వారి భాషలో దీనిని 'యూల్‌షింకా' అందురు. యూల్ అనగా క్రిస్మసు. షింకా అనగా పందితొడ.

మనలో పందిమాంసము భుజించువారును కలరు, భుజింపనివారును కలరు. కాని ఈ వంటలో ఇమిడియున్న విషయము అందరును ఎరుగదగినదే. ఉప్పు, కాలము, అగ్ని అను మూడును దీనిని సిద్ధము చేయును. ఒక్కొక్కదాని పని వేరు. ఒకటి చేయవలసిన పనిని వేరొకటి చేయజాలదు. ఈ భేదము తెలియక పండుగపూట ప్రాణములు కోల్పోయినవారు కలరు. ఆ వృత్తాంతమును కూడ మనవి చేసెదను.

మొదట, క్రిస్మసునకు పందియే ఏల? ఉత్తర దేశములలో పూర్వము ప్రతి కాపు ఇంటను పందిని పెంచెడివారు. అది వేసవియందును శరత్కాలమునందును మేసి బలియును. చలికాలము వచ్చిన పిదప మేత దొరకదు. కాని మాంసము చెడకుండుటకు ఆ చలియే తోడ్పడును. అందుచేత పండుగకు ముందుగా పందిని కోసి, మాంసములో పెద్దపాలు ఉప్పులో వేసి సంవత్సరము పొడవునకు దాచుకొని, మంచి తొడను పండుగకై ప్రత్యేకించెడివారు. క్రైస్తవమతము రాకపూర్వము ఆ దేశీయులు కొలిచిన ఫ్రేయ్ అను పంటలదేవునికి బంగారుకుచ్చు గల వరాహము వాహనమని వారి పురాణములు చెప్పుచున్నవి.

ఇక ఉప్పు చేయు పనిని చూతము. మన ఊరగాయ జాడియే ఇందుకు మంచి ఉపమానము. 'ఊరుట' అను మాటలోనే శాస్త్రమంతయు నున్నది. ఉప్పు తగిలిన వస్తువులో ద్రవములు చలించును. ఉప్పు లోపలికి ప్రవేశించును. ఉప్పు మిక్కుటముగా నున్నచో నీరు వెలికి వచ్చి వస్తువు బిగిసికొనును. ఎండుచేప అట్టిది. కాని మితమైన ఉప్పునీటిలో మాంసము బిగియదు. పైపెచ్చు కొంత నీటిని తానే పీల్చుకొనును. మాంసపు నారలలోని మాంసకృత్తులను ఉప్పు వదులు చేయుటచేత అవి ఉబ్బి నీటిని పట్టియుంచును. కాల్చినపుడు కూడ ఆ నీరంతయు పోదు. ఊరవేసిన తొడ మెత్తగాను రసవంతముగాను ఉండుటకు కారణ మిదియే.

రెండవది కాలము. ఉప్పు మాంసములోనికి పరుగెత్తదు, మెల్లగా ప్రాకును. మందము రెండింతలైనచో పట్టు కాలము రెండింతలు గాక ఇంచుమించు నాలుగింత లగును. కనుకనే చిన్నముక్క ఒక్క రాత్రిలో ఊరును. పెద్దతొడకు దినములు పట్టును. తొందరపడి ముందుగా తీసినచో పైన ఉప్పనై లోన చప్పనై యుండును. అంతేకాదు, ఎముకను అంటియున్న మాంసమునకు ఉప్పు చేరకమునుపే సూక్ష్మజీవులు చేరి అది పులిసి చెడవచ్చును. అందువలన ఈ పనిలో ఆరితేరినవారు బోలుసూదితో ఉప్పునీటిని ఎముక ప్రక్కకు ఎక్కింతురు.

ఇంట చేయదలచినవారికి పాళ్లు చెప్పెదను. నాలుగు కిలోల ఎముక తీసిన తొడకు ఐదు లీటర్ల నీరు, అరకిలో ఉప్పు, నూటయేబది గ్రాముల చక్కెర, కొన్ని మిరియములు, నాలుగైదు లవంగములు చాలును. నీటిని మరిగించి, ఇవన్నియు కరగిన పిమ్మట పూర్తిగా చల్లార్చవలెను. వేడినీటిలో మాంసము వేయరాదు. పింగాణిజాడి గాని ఎనామెలుపాత్ర గాని మేలు. ఇత్తడి, అల్యూమినియము పాత్రలు పనికిరావు. మాంసము పైకి తేలకుండ పళ్లెము బోర్లించి బరువు పెట్టవలెను. పాత్రను నాలుగు డిగ్రీల సెంటిగ్రేడు చలిలో, అనగా శీతలయంత్రములో, వారము మొదలు పది దినములవరకు ఉంచి, మధ్యమధ్య త్రిప్పుచుండవలెను. వాడిన ఉప్పునీటిని మరల వాడరాదు.

గులాబిరంగు ఎట్లు వచ్చునని అడుగవచ్చును. ఉప్పు మాత్రమే వేసినచో ఉడికిన మాంసము బూడిదవన్నె గోధుమరంగై యుండును. పూర్వులు ఉప్పుతోపాటు కొంచెము సురేకారము వేసెడివారు. అందుండి నైట్రైటు అను పదార్థ మేర్పడి, మాంసమునకు ఎఱుపు నిచ్చు మయోగ్లోబినుతో కూడి, వేడికి చెదరని గులాబిరంగును కల్పించును. ఈ రహస్యమును 1901లో జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. నైట్రైటు కొన్ని విషకారకములైన సూక్ష్మజీవులను పెరుగనీయదు కూడ. కాని అది హెచ్చైన తానే విషము. కావున విడిగా తూచి వేయుట తగదు. ఉప్పుతో కలిపి యీ పనికై అమ్ము మిశ్రమమును, పొట్లముపై వ్రాసిన కొలత ప్రకారమే వాడవలెను. అది లేకున్నను వంటకు లోపము లేదు. రంగు మారును.

ఇచ్చటనే జాగ్రత్తపడవలసిన చోటు వచ్చినది. సామాన్యముగా మాంసము ఉడికినదో లేదో రంగునుబట్టి నిర్ణయింతుము. ఊరవేసిన తొడ విషయమున ఆ సాక్ష్యము చెల్లదు. పూర్తిగా ఉడికినను అది గులాబిరంగుననే యుండును. రుచి కూడ సాక్ష్యము కాదు. ఉప్పు పట్టినంత మాత్రమున మాంసము నిర్దోషమైనట్లు కాదు.

జర్మనీ దేశమందలి డ్రెస్డెను నగరమున 1860 జనవరిలో ఒక యువతి ఆసుపత్రిలో మరణించినది. ఆమె ఒక గ్రామక్షేత్రమున పనికత్తె. ఆమెకు వచ్చినది సన్నిపాతజ్వరమని వైద్యులు తలచిరి. ఫ్రీడ్రిక్ ఆల్బర్ట్ జెంకర్ అను వైద్యుడు శవమును పరీక్షించి, కండరములనిండ కంటి కగపడనంత చిన్నపురుగులు, ప్రేగులలో వాని పెద్దపురుగులు ఉండుట కనుగొనెను. వీనికి ట్రిచినా అని పేరు. విచారింపగా, కొలదిదినముల క్రిందట, క్రిస్మసు సమయమున, ఆ ఇంట పందిని కోసిరనియు, యజమానికిని మాంసము కోసినవానికిని కూడ జబ్బు చేసెననియు తెలిసెను. మిగిలియున్న తొడలోను, ప్రేగులలో కూరిన మాంసములోను అవే పురుగులు కానవచ్చెను. ఐదేండ్లకు, 1865లో, హెడర్స్‌లేబెను అను గ్రామమున 337 మందికి ఈ రోగము సోకి 101 మంది మరణించిరి. రుడాల్ఫ్ విర్చో మొదలగు వైద్యులు పట్టుబట్టగా, కోసిన ప్రతి పందిమాంసమును సూక్ష్మదర్శినితో పరీక్షించు ఏర్పాటులు క్రమముగా వచ్చెను. నేడు పోషణాగారములలో పెరిగిన పందులలో ఈ పురుగు మిక్కిలి అరుదు. ఐనను వేరు సూక్ష్మజీవులు ఉండనే యున్నవి. ఇంటివంటలో వాడు పలుచని ఉప్పునీరు వీనిని చంపునని నమ్మరాదు. ఆ పని అగ్నిదే.

కనుక కాల్చు విధానమును శ్రద్ధగా వినుడు. ఊరిన తొడను కడిగి తుడిచి, కొస నుండి చిన్నముక్క కోసి వేయించి రుచి చూడవలెను. ఉప్పు హెచ్చుగా నున్నచో ఒక రాత్రి చల్లని చోటనే మంచినీట నానవేయవలెను. పిదప చర్మము పైకి వచ్చునట్లు లోతైన పళ్లెములో నుంచి, 125 డిగ్రీల వేడిగల మూతపొయ్యిలో పెట్టవలెను. కిలో ఒక్కింటికి గంట, అంతకు కొంచెము పైగా పట్టును. కాని గడియారము ఉజ్జాయింపు మాత్రమే, న్యాయాధిపతి ఉష్ణమాపకము. దాని మొనను మిక్కిలి మందమైన చోట నడిమికి గ్రుచ్చవలెను. ఎముక ఉన్నచో దానికి తగులనీయరాదు. తగిలినచో లెక్క తప్పును. అచ్చట 70 డిగ్రీలు దాటినపుడు తొడ పక్వమైనది. 75 వరకు పోనిచ్చిన మరింత మెత్తనగును. అంతకు మించి కాల్చినచో ఉప్పు పట్టియుంచిన రసము కూడ కారిపోవును. చూచితిరా, క్షేమమునకును రుచికిని హద్దు చూపున దొకే పరికరము!

కొంత చల్లారిన తరువాత చర్మము నొలిచి, క్రొవ్వు పలుచనిపొరగా మిగులనీయవలెను. ఒక గ్రుడ్డు, మూడు చెంచాల ఆవముద్ద, ఒక చెంచా చక్కెర కలిపి దానిపై పూసి, ఎండురొట్టెపొడి చల్లి, 225 డిగ్రీల వేడిలో పది పదునైదు నిమిషము లుంచినచో బంగారువన్నె పెచ్చు కట్టును. మన ఆవకాయకు ప్రాణమైన ఆవయే అచ్చటి పండుగమాంసమునకును అలంకార మగుట గమనింపదగినది. క్రొవ్వు కలిగించు మొగమెత్తును ఆవ ఘాటు విరుచును.

దీనిని చల్లగానే పలుచని ముక్కలుగా కోసి వడ్డింతురు. మిగిలినదానిని బల్లపై ఉంచక రెండు గంటలలోపల శీతలయంత్రములో పెట్టి, మూడు నాలుగు దినములలో ముగింపవలెను. తొడను ఉడికించిన నీరు కూడ వ్యర్థము కాదు. పూర్వము పొయ్యిలో కాల్చుటకంటె పెద్దకాగులో ఉడికించుటయే వాడుక. ఆ రసములో రొట్టె ముంచుకొని ఇంటిల్లపాదియు తినెడివారు. అందుచేతనే నేటికిని క్రిస్మసు ముందుదినమునకు స్వీడనులో 'ముంచుకొను దినము' అను అర్థము గల పేరు నిలిచియున్నది. పెద్దకూడు సిద్ధమగు లోపల ఆకలిగొన్న పిల్లలకును, పనివారికిని అందరికంటె ముందు దొరకునది ఆ రసమే.

శ్రోతలారా! ఉప్పు రుచిని, రసమును నిలుపును. కాలము ఆ ఉప్పును ఎముకదాక చేర్చును. తినువారికి క్షేమ మొసగునది అగ్ని. పండుగనాడు బంధువులందరు కూర్చుండు పంక్తిలో వృద్ధులుందురు, పసిపిల్లలుందురు, గర్భిణులుందురు. రంగు చూచి, వాసన చూచి తృప్తిపడక, లోపలి వేడిని కొలిచి వడ్డించుట గృహిణికి గాని గృహస్థునకు గాని పెద్దశ్రమ కాదు. వంట తినినవారు మరునాడు కూడ ఆరోగ్యముతో లేచినపుడే విందు పూర్తియైనట్లు.