నిమ్మరసం: దాచేదెలా? పాడైతే పోల్చేదెలా?

గోదావరిఖని, రామగుండంలో ఎండ ఎలా ఉంటుందో బొగ్గుబాయి కార్మికుల కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. డ్యూటీ దిగి వచ్చిన మనిషికి మనం ముందు అందించేది గ్లాసెడు నిమ్మకాయ నీళ్ళే. 2018లో రంజాన్ నెల మే, జూన్‌లలో వచ్చింది. అలాంటి రోజుల్లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరం పక్కన నిమ్మ షర్బత్ ఉంటే ఆ తృప్తే వేరు.

అయితే వానాకాలంలో చవగ్గా దొరికే నిమ్మకాయ ఎండాకాలంలో కొండెక్కి కూర్చుంటుంది. 2022 ఏప్రిల్‌లో ఒక్కో కాయ పది రూపాయల దాకా పలికింది. అందుకే ధర తగ్గినప్పుడే రసం పిండి దాచుకుంటాం. పులుపే దాన్ని కాపాడుతుందిలే అనుకుంటాం. అక్కడే జాగ్రత్త పడాలి.

నిమ్మరసంలో సుమారు 5, 6 శాతం సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. చాలా రకాల సూక్ష్మక్రిములు దానికి తట్టుకోలేవు. కానీ బూజుకు, పులియబెట్టే ఈస్టుకు ఆ పులుపు అడ్డు కాదు. ఈస్టు చక్కెరను తిని గ్యాసును, ఆల్కహాలును పుట్టిస్తుంది. కాబట్టి నీళ్ళు, చక్కెర కలిపిన పలుచని షర్బత్ ఉత్త రసం కంటే త్వరగా పులుస్తుంది. దాన్ని ఏ పూటకు ఆ పూట కలుపుకోవడమే మేలు.

ఈ విషయంలో మనకు చక్కని ఆదర్శం ఉంది. ఎండుద్రాక్ష నానబెట్టిన నీటిని దైవప్రవక్త (స) మూడో రోజు సాయంత్రం వరకే సేవించేవారని, ఆ తర్వాత మిగిలినదాన్ని తాము తాగేవారు కాదని సహీహ్ ముస్లిం హదీసు గ్రంథం తెలుపుతోంది.

రసం తీసేముందు కాయల్ని కడిగి, తడి లేకుండా తుడవాలి. గింజలు నలిగితే రసం చేదెక్కుతుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలు పనికిరావు. పులుపు ఆ లోహాన్ని కరిగిస్తుంది. పొడి గాజుసీసాలో నిండుగా పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు, నాలుగు రోజులు బాగుంటుంది. ఐసు ట్రేలో గడ్డకట్టించి, ఆ ముక్కల్ని డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో ఉంచితే మూడు నెలలకు ఢోకా లేదు. కరెంటు పోయి కరిగితే మళ్ళీ గడ్డకట్టించకుండా ఆ రోజే వాడేయాలి. నిల్వ ఉండాలని రసాన్ని మరిగిస్తే 'సి' విటమిన్ తగ్గిపోతుంది. బజారు స్క్వాష్‌లలో సల్ఫైటు మందు కలుపుతుంటారు. ఇంట్లో ఆస్తమా ఉన్నవారుంటే సీసా మీది చీటీ చదివి కొనాలి.

ఇక పాడైన రసాన్ని పోల్చడం. అడుగున మడ్డి దిగితే భయం లేదు, కదిపితే కలిసిపోతుంది. రంగు గోధుమవన్నెకు తిరిగితే తాజాదనం పోయినట్టే. మూత తీయగానే 'బుస్సు'మన్నా, బుడగలు లేచినా, సారా వాసన కొట్టినా, పైన పొర గానీ బూజు గానీ కనిపించినా మొత్తం పారబోయాలి. పైపైన తీసేసి కింది రసం వాడకూడదు. రుచి చూసి తేల్చుకుందామనీ అనుకోవద్దు.

రోజంతా ఉపవాసముండి, షిఫ్టులో చెమటోడ్చిన మనిషికి వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఒంట్లో మిగిలిన నీరూ పోతుంది. పసిపిల్లల సంగతి సరేసరి. పారబోయడానికి మనసొప్పదు, నిజమే. వృథా మంచిది కాదు కూడా. అందుకే సీసా మీద పిండిన తేదీ రాసి, అవసరమైనంతే దాచుకుందాం. అనుమానం వస్తే మాత్రం నాలుగు కాయల ఖరీదు చూసుకోవద్దు.