శంఖ పరీక్ష

మన దేవతార్చన పీఠముపై నుండు శంఖము ఒకప్పుడు ప్రాణముగల వేటకాని యిల్లు. శంఖపు నత్త మన్నారు సింధుశాఖ మొదలగు మన తీరజలములలో, ఇసుకనేలపై సంచరించుచు, అందు దాగిన పురుగులను పట్టి తినును. పాంచజన్యము పంచజనుడను రాక్షసుని వలన లభించినదని పురాణములు చెప్పుచున్నవి గదా!

హైదరాబాదు కడలికి దూరము. 1998లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట మాదాపూరు, హైటెక్ సిటీ ప్రాంతములందు మేడలు వరుసలుగా లేచినవి. అందలి గృహిణులు తీరమునకేగి శంఖము నేరుకొనలేరు. ఫోనులో బొమ్మ చూచి తెప్పించుకొనుటయే పలువురకు సులభము. కావున శంఖమును పరీక్షించు విధ మెఱుగుట యావశ్యకము.

మోసమునకు మిక్కిలి తావిచ్చునది దక్షిణావర్తము. తీర్థము పోయు కాలువ కొనను పైకి నిలిపి, నోటిని మనవైపు త్రిప్పినచో, సాధారణ శంఖమునకు నోరు ఎడమవైపున నుండును. కుడివైపున నున్నది దక్షిణావర్తము. అట్టిది పుట్టుట మిక్కిలి యరుదు. అందుచేతనే దానికి గొప్ప వెల.

అయితే అమెరికా తూర్పు తీరమునను, మెక్సికో సింధుశాఖయందును లైట్నింగ్ వెల్కు అను వేఱొక జాతి నత్త కలదు. అదియు వేటాడునదే, తన గుల్ల యంచుతో ఆల్చిప్పలను తెఱచి లోని జీవిని భక్షించును. ఆ జాతిలో దాదాపు అన్ని గుల్లలకును నోరు కుడివైపుననే యుండును. అచ్చట సామాన్యమైన ఆ గుల్లనే యిచ్చట దక్షిణావర్తమని యమ్ముట కలదు.

ఈ రెంటిని వేఱుపఱచుట కష్టము గాదు. నోటిలోపల నడిమి స్తంభమును చూడుడు. నిజమైన శంఖమునకు అచ్చట మూడు నాలుగు మడతలు స్పష్టముగా నుండి వ్రేలికి తగులును. అమెరికా గుల్లకు అట్టి మడతల వరుస లేదు. పైగా దాని భుజముపై తఱచుగా బుడిపె లుండును. మన శంఖము దళసరి, బరువైనది.

చెవియొద్ద ఓంకారము వినబడుటయే సాక్ష్యమని కొంద ఱందురు. అది పరిసరముల సవ్వడి బోలులో మ్రోగుటయే. ఖాళీ చెంబును చెవి కానించినను వినబడును.

నిర్మలభక్తితో నర్పించినచో ఏ గుల్లలోని తీర్థమైనను పవిత్రమే యని మేము తలంతుము. కాని లేని పేరునకు ఇంటి పైకము ధారపోయుట భక్తి గాదు. కావున నోటి మడతలు కనబడు చిత్రమును ముందుగా పంపుమని యడుగుడు. అది చూచిన పిదపనే వెల మాటాడుడు.