వైరస్ వార్త వచ్చిన రోజు పరగడుపున ఎంత?

2025 జనవరి 6, సోమవారం. బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు హెచ్‌ఎంపీవీ సోకిందని టీవీ అడుగున అక్షరాలు పరుగెత్తడం మొదలైంది. మధ్యాహ్నం అన్నాలు కాకముందే తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మళ్లీ ఏదో వచ్చిందటగా. షుగరూ బీపీ ఉన్నవాళ్లకే ప్రమాదమంటున్నారు. నేనైతే తలుపు గడియ పెట్టేసుకున్నా."

పిన్నికి అరవై మూడేళ్లు. షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు, బీపీ మాత్ర మొదలై తొమ్మిదేళ్లు. చైనా ఆస్పత్రుల వీడియోలు ఫోన్లో చూసినప్పటి నుంచి మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదట. సాయంత్రం గుడి దాకా నడిచి రావడం మానేసింది. పాలబ్బాయిని గేటుకే సంచీ తగిలించి పొమ్మంది. అంతా విని ఒకటే అడిగాను.

"పిన్నీ, పొద్దున పరగడుపున షుగర్ ఎంత వచ్చింది?"

"చూళ్లేదే. స్ట్రిప్పులు అయిపోయి ఇరవై రోజులైంది. ఈ గొడవలో అదెక్కడ గుర్తుంటుంది?"

ఆ జవాబు విన్నాక నాకు వైరస్ కంటే ఆ ఇరవై రోజుల మీదే బెంగ పట్టుకుంది. ఎందుకో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ముందు ఆ వైరస్ సంగతి. హెచ్‌ఎంపీవీ కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. 2001లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే అది మనుషుల మధ్య తిరుగుతోంది, మన దేశంలోనూ తిరుగుతోంది. చాలామందికి జలుబు, దగ్గు, నాలుగు రోజుల జ్వరంతో సరిపోతుంది. చంటిపిల్లలకూ, వయసు మళ్లినవాళ్లకూ, పాత జబ్బులతో ఒంట్లో సత్తువ తగ్గినవాళ్లకూ మాత్రం ఊపిరితిత్తుల దాకా దిగే అవకాశం ఉంది. కాబట్టి పిన్ని భయం ఉత్తుత్తి భయం కాదు. ఆమెను "ఏం కాదులే, భయపడకు" అని కొట్టిపారేస్తే అబద్ధం చెప్పినట్టే. పైగా ఆ మాట ఎవరి భయాన్నీ తగ్గించగా నేను చూడలేదు. ఇంట్లో తన బాధ వినేవాళ్లు లేరన్న దిగులు అదనంగా చేరుతుంది, అంతే.

కోవిడ్ రోజుల్లో బులెటిన్లలో ఒక మాట తరచూ వినిపించేది: మృతుడికి ఇతర జబ్బులు కూడా ఉన్నాయి అని. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆ మాట విని కాస్త ఊపిరి పీల్చుకునేవారు. అదే గదిలో కూర్చున్న షుగర్ మనిషికి, డయాలసిస్ మనిషికి అది ఎలా వినిపించేదో ఎవరూ ఆలోచించలేదు. తన ప్రాణం లెక్కలో తక్కువైనట్టు తోచేది. ఐసీఎంఆర్ తరఫున జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లే 10 కోట్ల పైచిలుకు. బీపీ, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులవాళ్లను కూడా కలుపుకుంటే "ఇతర జబ్బులున్నవారు" అనే మాటలో సగం వీధి ఉంటుంది. ఇంతమందినీ ఒకే గాటన కట్టి భయపెట్టడంలో అర్థం లేదు.

అందుకే ప్రశ్నను రెండుగా విడదీసుకోవాలి. వైరస్ అంటుకోవడం ఒకటి, అంటుకున్నాక ముదరడం ఇంకొకటి. అంటుకోవడం చాలావరకు ఎవరి పక్కన, ఎంతసేపు, ఎంత గాలి ఆడే చోట ఉన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. కిటికీలు బిగించిన ఏసీ ఫంక్షన్ హాల్లో మూడు గంటలు కూర్చుంటే షుగర్ లేనివాడికీ అంటుతుంది. పాత జబ్బు తన ప్రతాపం ఎక్కువగా చూపేది రెండో దశలో, ముదరడంలో.

షుగర్‌నే తీసుకుందాం. రక్తంలో గ్లూకోజు చాలాకాలం ఎక్కువగా ఉంటే, క్రిముల మీదికి మొదట దూకాల్సిన తెల్లకణాలు మందకొడిగా తయారవుతాయి. చేరాల్సిన చోటికి ఆలస్యంగా చేరతాయి, చేరాక కూడా సరిగ్గా మింగలేవు. ఇది ఒక పక్క. ఇంకో పక్క, జ్వరం రాగానే శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లను వదులుతుంది. పోరాటానికి ఇంధనం కావాలని అవి కాలేయంలో దాచిన గ్లూకోజును రక్తంలోకి తోడిస్తాయి. అందుకే "రెండు రోజులుగా జావ తప్ప ఏమీ తాగలేదు, షుగర్ 300 దాటిందేమిటి?" అని చాలామంది నోరెళ్లబెడతారు. ఆ 300 ఒంట్లోనే తయారైంది. 180 నుంచి బయలుదేరినవాళ్లు 300కి చేరతారు. 280 నుంచి బయలుదేరినవాళ్లు ఎక్కడిదాకా పోతారో ఊహించుకోవచ్చు. జ్వరం వచ్చిన రోజు మన షుగర్ ఎక్కడుందన్నది అందుకే అంత ముఖ్యం.

ఇది మాటవరసకు చెప్పడం కాదు. ఇంగ్లండ్‌లో కోటీ డెబ్బై లక్షల మంది పెద్దల వైద్య రికార్డులను పరిశీలించి 2020లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. వయసు, బరువు వంటివి సర్దుబాటు చేసి చూస్తే, షుగర్ లేనివాళ్లతో పోల్చినప్పుడు, మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 7.5 శాతం లోపు ఉన్న షుగర్ మనుషులకు కోవిడ్‌తో చనిపోయే ముప్పు సుమారు 1.3 రెట్లు. సగటు 7.5, ఆపైన ఉన్నవాళ్లకు దాదాపు రెండు రెట్లు. జబ్బు పేరు ఒకటే, తేడా మాత్రం ఇంత. అదే అధ్యయనంలో, ఈమధ్య స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సిన అవసరం రాని ఆస్తమా రోగులకు ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. వయసు మాత్రం అన్నిటినీ మించింది. యాభైల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే ఎనభై దాటినవాళ్లకు ఇరవై రెట్లు. ఇవి టీకాలు రాకముందు, వేరే దేశంలో, ఒక వైరస్‌కు తేలిన అంకెలు. రేపటి వైరస్‌కు యథాతథంగా అతకవు. కానీ అదుపులో ఉన్న జబ్బూ అదుపు తప్పిన జబ్బూ ఒకటి కావన్నది అక్కడ స్పష్టంగా కనిపించింది.

"రెండు రెట్లు" అనే మాట దగ్గరా ఒక్క నిమిషం ఆగాలి. దేనికి రెండు రెట్లు? ఊరికే ఒక లెక్క అనుకుందాం. ఒక వయసువాళ్లలో వెయ్యిమందికి వైరస్ సోకితే ఇద్దరి పరిస్థితి విషమిస్తుందనుకుంటే, రెండు రెట్లంటే నలుగురు. మిగతా 996 మంది కోలుకున్నట్టే. అదే వందకు పదిమంది విషమించే వయసులో రెండు రెట్లంటే ఇరవై మంది. మాట ఒకటే, బరువు వేరు. వార్తల్లో రెట్లు మాత్రమే చెబుతారు, దేనికి రెట్లో చెప్పరు. రాత్రి నిద్ర చెడగొట్టేది ఆ చెప్పని సగమే.

భయం మనిషిని జాగ్రత్తపరిస్తే మంచిదే. దారి తప్పిస్తేనే చేటు. 2020 మార్చిలో ఒక అనుమానం బయలుదేరింది. కరోనా వైరస్ కణంలోకి దూరే తలుపులాంటి ప్రొటీన్‌ను రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందులు పెంచవచ్చేమోనని. అది ఊహ మాత్రమే. ఆ నెలలోనే యూరప్ గుండె వైద్యుల సంఘం మందులు ఆపొద్దని ప్రకటించింది. బ్రెజిల్‌లో ఆస్పత్రిలో చేరిన 659 మంది మీద పరీక్షించి చూశారు. ఆపినవాళ్లకూ కొనసాగించినవాళ్లకూ తేడా కనిపించలేదు. ఈలోగా ఫార్వర్డ్ మెసేజీలు చదివి సొంతంగా మాత్రలు ఆపేసినవాళ్లు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. ఒకాయన బీపీ పెరిగి కళ్లు తిరిగి పడ్డారు. ఆయనకు కరోనా రానేలేదు.

ఇంతకంటే బాధపెట్టేది స్టెరాయిడ్ల కథ. 2020 జూన్‌లో బ్రిటన్ పరీక్షలో డెక్సామెథసోన్ అనే చవక మందు ప్రాణాలు కాపాడుతుందని తేలింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ప్రయోజనమేమీ కనిపించలేదు. ఈ చివరి వాక్యమే మన దగ్గర జారిపోయింది. రెండో వేవ్‌లో మామూలు జ్వరానికి కూడా మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ మాత్రలు మింగారు. స్టెరాయిడ్ షుగర్‌ను అమాంతం పెంచుతుంది. పెరిగిన షుగర్, తగ్గిన రోగనిరోధక శక్తి కలిస్తే బ్లాక్ ఫంగస్‌కు పండగే. 2021 మే నెలలో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి చేరినవాళ్లలో, యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం ఊళ్లన్నీ తిరిగిన కుటుంబాల్లో ఎంతోమంది కరోనాను గెలిచి వచ్చినవాళ్లే. ఆ రోజుల్లో ఇంట్లో గ్లూకోమీటర్ ఉండి రోజుకు నాలుగుసార్లు చూసుకున్నా కొందరి కళ్లు దక్కేవని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరి పిన్నిలాంటివాళ్లు ఏం చేయాలి? వార్త వచ్చిన రోజు చేయగలిగింది తక్కువ. వార్త లేని రోజుల్లోనే చాలా ఉంది. మూడు నెలల సగటు ఎంతుందో తెలుసుకుని, ఎంత ఉంటే చాలో మన వయసును బట్టి డాక్టరుతో మాట్లాడుకోవాలి. ఏటా ఫ్లూ టీకా సంగతి అడగాలి. ఫ్లూ వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది గనక పాత టీకా నిలవదు. మన దేశంలో అది వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర్లో మరోసారి విజృంభిస్తుంది. వైరస్ వెనకే వచ్చి పట్టుకునే న్యుమోనియాకు కూడా టీకా ఉంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకూ కీమో తీసుకుంటున్నవాళ్లకూ సొంత టీకా అంత బాగా పనిచేయకపోవచ్చు. వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లు టీకా వేయించుకోవడం, జలుబు చేసినవాళ్లు మాస్కు పెట్టుకోవడం వాళ్లకు మందుతో సమానం.

జ్వరం వచ్చిన మొదటి రోజు ఏం చేయాలో కూడా ముందే రాసి పెట్టుకోవచ్చు. మేమిద్దరం ఫోన్లోనే పిన్ని కోసం అలా ఒకటి తయారుచేశాం. తర్వాత ఆమె డాక్టరుకు చూపించి రెండు చోట్ల దిద్దించుకుంది. పాత పెళ్లి శుభలేఖ వెనకాల నీలం ఇంకుతో పిన్ని చేతిరాత. జ్వరముంటే షుగర్ నాలుగుసార్లు చూడాలి. తినకపోయినా ఇన్సులిన్ సొంతంగా ఆపొద్దు, మోతాదు అడగాలి. వాంతులూ విరేచనాలూ అయితే మెట్‌ఫార్మిన్ సంగతి డాక్టరుకు ఫోన్ చేసి తేల్చుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్ర వేసుకుంటుంటే అది మరీ ముఖ్యం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రతో రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదముంది, అప్పుడు షుగర్ అంకె మామూలుగానే కనిపించి మోసం చేయొచ్చు. ఫ్లూ అని అనుమానమైతే మందు మొదటి రెండు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది, కాబట్టి "రేపు చూద్దాం" వద్దు. డెంగీ రోజుల్లో పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వద్దు. ఆక్సీమీటర్ 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మగతగా ఉన్నా ఆస్పత్రికి. ఆక్సీమీటర్ పెట్టే ముందు చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకోవాలని కూడా రాయించాను. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగున్నా అంకె తప్పు చూపిస్తుంది.

ఇవన్నీ చేసినా కొందరికి బెంగ పోదు. గంటకోసారి ఆక్సీమీటర్ పెట్టుకుంటారు, గొంతు గరగరమంటే చాలు గుండె దడ. అది పిరికితనం కాదు. ఏళ్లుగా ఒంటిని కనిపెట్టుకుని బతికిన మనిషికి ఆ అలవాటు ఎక్కువైపోవడం సహజమే. కానీ ఆ ఆదుర్దా, నిద్రలేమి కూడా షుగర్‌నూ బీపీనీ పెంచుతాయి. వారాల తరబడి నిద్ర, తిండి చెడితే దానికీ వైద్యం ఉంది. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

పిన్ని ఆ సాయంత్రమే స్ట్రిప్పులు తెప్పించింది. మర్నాడు పరగడుపున 214. "ఇంతుందేంటే!" అని కంగారుపడింది. కానీ ఆ కంగారుకు చేయాల్సిన పని ఎదురుగానే ఉంది. మాత్రల మోతాదు మారింది, గుడి దాకా నడక మళ్లీ మొదలైంది. రద్దీ వేళ కాకుండా పొద్దున్నే వెళ్తోంది.

శుభలేఖ వెనక ఆఖరి వరస చాలా రోజులు ఖాళీగానే ఉండిపోయింది. "రాత్రిపూట ఎవరు తీసుకెళ్తారు?" అని రాసి పక్కన గీత గీసి వదిలేసింది. కొడుకు బెంగళూరులో, కూతురు డల్లాస్‌లో. ఇద్దరిలో ఎవరి పేరూ అక్కడ రాయలేకపోయింది. మొన్న ఫోన్లో చెప్పింది, పక్క సందులో ఆటో నడిపే అబ్బాయిని పిలిచి కాఫీ ఇచ్చి అడిగిందట. "ఏ టైమైనా ఫోన్ చెయ్యి పెద్దమ్మా, వస్తా" అన్నాడట. వాడి నంబరు పెద్ద పెద్ద అంకెల్లో, కళ్లజోడు లేకపోయినా కనిపించేలా రాసి, కార్డును ఫోన్ పక్కన గోడకు అంటించుకుంది.