ఆరిళ్ల సందు

మెల్‌బోర్న్ నడిబొడ్డున 75 నంబరు ట్రామ్ ఎక్కి దిగకుండా కూర్చుంటే చివరికి వెర్మాంట్ సౌత్ వస్తుంది. నగరానికి తూర్పున, సుమారు 20 కిలోమీటర్లు. ట్రామ్ ఇక్కడిదాకా రావడం 2005 నుంచే. ఒకప్పుడు ఇదంతా పండ్లతోటలు. ఇప్పుడు పెంకుటిళ్లు, ముందు కాస్త గడ్డి, పక్కన కారు షెడ్డు. గోడలు ఇటుకవే గానీ బరువు మోసేది లోపలి కర్ర చట్రం. ఇటుక బయట తొడిగిన ఒంటి వరస మాత్రమే. మన మేస్త్రీకి చూపిస్తే "ఇదీ ఓ గోడేనా?" అంటాడు.

వీడెన్ డ్రైవ్ నుంచి పక్కకు తిరిగితే పిన్ ఓక్ కోర్ట్. భయపడక్కర్లేదు, అక్కడ కోర్ట్ అంటే అవతలికి దారిలేని సందు. కార్లు తిప్పుకోవడానికి చివర గరిటెలా గుండ్రంగా ఉంటుంది. చుట్టూ ఆరిళ్లు. కొసన ఉన్నవాటికి వీధిపోటు తప్పదని మనవాళ్లు పెదవి విరుస్తారేమో గానీ, ఆస్ట్రేలియా మొత్తంలో ఇంత పేరు మోసిన ఇళ్లు మరో ఆరు దొరకడం కష్టం.

1985 మార్చిలో మొదలైన 'నైబర్స్' సీరియల్‌లో కథ జరిగే రామ్సే స్ట్రీట్ ఇదే. మొదలుపెట్టిన సెవెన్ చానెల్ ఆ ఏడాదే వదిలించుకుంది. టెన్ చానెల్ చేరదీసింది. 1986లో బీబీసీ అందుకున్నాక బ్రిటన్ దానికి అతుక్కుపోయింది. కైలీ మినోగ్, జేసన్ డోనవన్ పాత్రల పెళ్లిని 1988లో అక్కడ దాదాపు 2 కోట్ల మంది చూశారు. ముసురు పట్టిన ఊళ్లలో కూర్చున్నవాళ్లకు ఆ ఎండ, ఆ పచ్చిక చాలు కాబోలు. కథ నాకంత గొప్పగా అనిపించదు.

ఇళ్ల సంగతి మాత్రం తమాషా. ఇక్కడ తీసింది బయటి దృశ్యాలే. పాత్రధారి ఈ సందులో తలుపు తోసుకుని వెళ్తే, కొన్ని కిలోమీటర్ల అవతలి స్టూడియోలో తేలేవాడు. గడప ఇక్కడ, వంటిల్లు అక్కడ. అసలు తలుపు వెనక అసలు కుటుంబం అన్నం తింటూ ఉండేది. సీరియల్ ఈ ఇళ్లకు 22 నుంచి 32 దాకా సరి సంఖ్యలే ఇచ్చింది. ఒక పక్క బేసి, ఒక పక్క సరి ఉండాలన్న ఆనవాయితీ ఏమైందో మరి! తొమ్మిది వేలకు పైగా ఎపిసోడ్లలో ఇక్కడ పెళ్లిళ్లు, హత్యలు, చచ్చిపోయారనుకున్నవాళ్లు తిరిగి రావడాలు. అసలు కాపురస్తులు ఆ నడుమే చక్రాల చెత్తడబ్బాలు రోడ్డు పక్కకు లాక్కొచ్చి పెట్టుకోవాల్సి వచ్చేది, ఎవరో ఫొటో తీసుకుంటుండగా.

మెల్‌బోర్న్‌లో ఇళ్లు తరచూ వేలంలో అమ్ముడవుతాయి. మన దగ్గర ఇల్లు వేలానికొచ్చిందంటే అప్పుల పాలైనట్టు. అక్కడ అది శనివారం వేడుక. ఇంటి ముందే పాట, చూడ్డానికి ఇరుగుపొరుగు హాజరు. ఏజెంటు గదులు లెక్కపెడతాడు, బడి ఎంత దూరమో చెబుతాడు. ఈ సందులో అయితే, గుమ్మం ముందు నిలబడే అపరిచితుల్ని కూడా ఇంటితోపాటే కొనుక్కోవాలి.

2022 జులైలో సీరియల్ ఆగింది, 2023లో మళ్లీ లేచింది, 2025 డిసెంబరులో మళ్లీ ముగిసింది. అభిమానుల కార్లకు మాత్రం దారి అదే. ముందుకు పోవడానికి లేదు కాబట్టి, గరిటె దగ్గర నెమ్మదిగా తిప్పుకుని, ఆరిళ్లనూ ఇంకోసారి చూసుకుంటూ వెనక్కి వస్తాయి.